మంచి క్యూబన్ సిగార్‌లో రుచి పట్టుకోవడం ఎలా, బాగుందో లేదో తేల్చడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బావగారు దుబాయ్ నుంచి పార్తాగాస్ సెరీ డి నంబర్ 4 పది సిగార్ల పెట్టె తెచ్చారు. హైదరాబాద్‌లో దిగిన వారంలోనే రెండు కాల్చారు. అందరూ తోలు, కోకో, దేవదారు చెక్క అని రాస్తుంటే మీకు ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. సగం దాటాక చేదు వచ్చింది, తల తిరిగింది. లోపం మీ నాలుకలోనా, సిగార్‌లోనా, లేక పెట్టే నకిలీదా అని టెన్షన్ పడుతున్నారు.

నా సంగతి కొంచెం చెప్పి మొదలుపెడతాను. మాది కందుకూరు వైపు పొగాకు రైతుల కుటుంబం. బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర రాత్రుళ్ళు నిద్ర కాసిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. తర్వాత పదకొండేళ్ళు ఒక కంపెనీలో ఆకు గ్రేడింగ్ చేశాను. ఆ తర్వాత పదహారేళ్ళు దుబాయ్‌లో ఒక సిగార్ షాపులో పనిచేశాను. క్యూబా సిగార్లు పెట్టెలకు పెట్టెలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఇన్నేళ్ళలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. సిగార్ కాల్చేటప్పుడు మన నోటికి తెలిసేది ఒక్క రుచి కాదు. ఆకు, దాన్ని చుట్టిన చెయ్యి, నిల్వ చేసిన తీరు, మనం కాల్చిన పద్ధతి, ఈ నాలుగూ కలిసి వస్తాయి. ఏ పేరు పెట్టాలా అని తోలు, కోకో కోసం వెతికే ముందు, ఇప్పుడు మీ నోట్లో ఉన్నది వీటిలో దేని ఫలితమో విడదీయగలగాలి. సిగార్‌ని అంచనా వెయ్యడం అంటే నా దృష్టిలో అదే.

మీ రెండు సిగార్ల విషయంలో నా అనుమానం చివరి రెండింటి మీద. పదును, అంటే ఆకులో తేమ, సరిగా లేదు, తొందరగా లాగారు. నాలుకకు ఏ లోపమూ లేదు.

పెట్టె అసలుదా అన్నది ముందు తేల్చుకోండి, అది పది నిమిషాల పని. పెట్టె అడుగు చూడండి. హబానోస్ ఎస్.ఏ. (క్యూబా సిగార్లు అమ్మే కంపెనీ పేరు), హెచో ఎన్ కూబా (క్యూబాలో చేసింది), తోతాల్‌మెంతె ఆ మానో అనే మూడు ముద్రలు కాల్చి వేసినట్టు చెక్కలోకి దిగి ఉండాలి, వేలితో తడిమితే తెలియాలి. మూడోదానికి అర్థం పూర్తిగా చేత్తో చేసింది అని, దాన్ని 1989 నుంచి వేస్తున్నారు. పక్కనే సిరాతో ఫ్యాక్టరీ కోడ్, దాని కింద నెల, సంవత్సరం ఉంటాయి. నెల స్పానిష్‌లో ఉంటుంది కాబట్టి జనవరికి ఎనెరో, ఆగస్టుకి అగోస్తో మొదటి మూడక్షరాలు కనిపిస్తాయి. ముందు ఆకుపచ్చ ప్రభుత్వ ముద్ర ఉంటుంది. ఈ మధ్య కాలపు పెట్టెల్లో దాని మీద బార్‌కోడ్ కూడా ఉంటుంది, ఆ నంబర్‌ని హబానోస్ సొంత వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. తెరిచాక సిగార్లన్నీ ఒకే రంగులో, ఒక్కో గీత ముదురుతూ వరసగా ఉండాలి. ఫ్యాక్టరీలో రంగులు చూసి సర్దడానికే వేరే మనుషులు ఉంటారు. గాజు మూత ఉన్న కోహీబా పెట్టె ఎవరైనా ఇస్తే మాత్రం ఇంకేమీ చూడక్కర్లేదు, అలాంటి పెట్టె క్యూబా ఎప్పుడూ చెయ్యలేదు. హవానాకో వరదేరోకో వెళ్ళినవాళ్ళకు "మా చుట్టం ఫ్యాక్టరీలో పనిచేస్తాడు" అంటూ వీధిలో అమ్మేవి కూడా అలాంటివే.

ఆ నెల, సంవత్సరం రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక పదును. మన పొగాకు రైతులకు ఈ మాట వివరించక్కర్లేదు. బ్యారన్ నుంచి దింపిన ఆకు పెళపెళలాడుతుంటే ఎవరూ ముట్టుకోరు, మంచుగాలికి మెత్తబడి పదునుకు వచ్చాకే మండె వేస్తారు, అంటే గుట్టగా పేరుస్తారు. పదును ఎక్కువైతే చెక్కులోనే (కట్టిన బేలులోనే) బూజు పడుతుంది, తక్కువైతే పొడి అయిపోతుంది. సిగార్ కూడా ఆకే. దుబాయ్ షాపుల్లో చాలాచోట్ల 69, 70 శాతం తేమలో ఉంచుతారు. క్యూబా ఆకుకు అది ఎక్కువ అని నా అనుభవం. 65 దగ్గర ఉంచితే మంట సాఫీగా ఉంటుంది, రుచులు విడివిడిగా తెలుస్తాయి. 70లో ఉన్నది కాలిస్తే లోపలి నీరు ఆవిరై పొగని వేడిగా, బరువుగా చేస్తుంది. పొగ సరిగా రాదు, మనం గట్టిగా లాగుతాం, నిప్పు వేడెక్కుతుంది, చేదు వస్తుంది. మీకు వచ్చిన చేదు ఎక్కువభాగం ఇదే అయి ఉంటుంది.

దీనికి ఖరీదైన పెట్టెలేమీ అక్కర్లేదు. గాలి దూరని మంచి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. వాసన లేకుండా కడిగి ఆరబెట్టి, సిగార్లను వాటి చెక్కపెట్టెతో సహా అందులో పెట్టి, తేమని 65 శాతం దగ్గర నిలిపే బొవెడా లాంటి ప్యాకెట్ ఒకటి వెయ్యండి. మూడు వారాలు ముట్టుకోకండి. ఇంట్లో చల్లగా ఉండే గదిలో, వంటింటికి దూరంగా ఉంచండి. ఉష్ణోగ్రత 18 నుంచి 21 డిగ్రీలు ఉంటే మంచిది. 25 దాటి రోజుల తరబడి ఉంటే పొగాకు పురుగు గుడ్లు పొదిగే ప్రమాదం ఉంది. పురుగు పడితే ఆకు మీద గుండుసూది పొడిచినట్టు చిల్లులు కనిపిస్తాయి. ఫ్రిజ్‌లో విడిగా పెట్టడం వద్దు, అక్కడి గాలి ఆకుని పీల్చేస్తుంది, పైగా మామిడికాయ పచ్చడి వాసన పట్టిందంటే ఇక వదలదు. విశాఖలోనో బందరులోనో ఉండేవాళ్ళకు వానాకాలంలో తంటా వేరు, డబ్బా మూత సరిగా లేకపోతే వారంలో బూజు చూస్తారు.

తేమ కొలిచే మీటర్‌ని గుడ్డిగా నమ్మకండి. ఒక చిన్న మూతలో ఉప్పు వేసి, ముద్దగా అయ్యేంత నీళ్ళు మాత్రమే పోసి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి ఎనిమిది గంటలు వదిలేయండి. లోపలి గాలి 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటర్ 69 చూపిస్తే అది ఆరు తక్కువ చెబుతోందని అర్థం. ఇది తెలుసుకోక నేను ఒక తప్పు చేశాను. దుబాయ్ వెళ్ళిన కొత్తల్లో ఒక బోలీవర్ బెలికోసోస్ ఫినోస్ పెట్టె గురించి "ఆకు బాగాలేదు, చేదు" అని నోటుబుక్కులో రాసి పక్కన పెట్టేశాను. ఆ పెట్టె ఉంచిన బీరువాలోని మీటర్ తప్పు చూపిస్తోందని తర్వాత తెలిసింది. అదే పెట్టెలో మిగిలినవి రెండేళ్ళ తర్వాత సరైన తేమలో ఉంచి కాలిస్తే, ఆ ఏడాది నేను కాల్చిన వాటిలో అదే మేలైనది. నిల్వ చేసిన తప్పుని ఆకు మీద వేశాను. ఇప్పటికీ ఆ పేజీ చూస్తే బాధగా ఉంటుంది.

మూడు వారాల తర్వాత ఒకటి చేతిలోకి తీసుకోండి. వెలిగించకముందే సగం తెలిసిపోతుంది. మీది రొబుస్తో కొలత, పొడవు 124 మిల్లీమీటర్లు, రింగ్ గేజ్ 50. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల లెక్క. యాభై అంటే అంగుళంలో 64కి 50 వంతులు, దాదాపు 20 మిల్లీమీటర్ల మందం. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కొస నుంచి కొస దాకా మెల్లగా నొక్కుతూ రండి. అంతటా ఒకేలా కొంచెం లొంగి తిరిగి రావాలి. ఒకచోట మెత్తగా గుంట పడితే లోపల ఆకు తక్కువైంది, అక్కడ నిప్పు వేడెక్కుతుంది. ఒకచోట రాయిలా ఉంటే ముడి పడింది, పొగ ఆగుతుంది. ఈ రెండూ చుట్టిన చెయ్యి చేసిన పొరపాట్లు, ఆకువి కావు.

లోపల ఏముందో తెలిస్తే ఈ తడమడానికి అర్థం ఉంటుంది. పైన కనిపించే నున్నటి ఆకు కాపా. దాన్ని ఎండ తగలకుండా బట్ట పందిళ్ళ కింద పెంచుతారు, అందుకే పలుచగా, ఈనెలు సన్నగా ఉంటాయి. దాని కింద కట్టుగా ఉండేది కపోటే. లోపలి గుండె త్రిపా, అందులో మూడు రకాల ఆకులు మడతలు పెట్టి ఉంటాయి. మొక్క కిందిభాగం నుంచి వచ్చే వొలాదో సులువుగా మండుతుంది, ఘాటు తక్కువ. నడిమి ఆకు సెకో, సువాసన దీనిదే. తలభాగపు ఆకు లిహెరో, ఎండ బాగా తిన్నది, మందం, నెమ్మదిగా మండుతుంది, ఘాటంతా దానిదే. కొన్ని మొక్కలకే చిట్టచివర వచ్చే రెండాకుల్ని మెదియో తియెంపో అంటారు. 2010లో వచ్చిన కోహీబా బెహీకే వరస ఆ ఆకు మీదే నిలబడింది. నెమ్మదిగా మండే లిహెరోని చుట్టేవాళ్ళు సరిగ్గా మధ్యలో పెట్టాలి. పక్కకు జరిగితే సిగార్ ఒక వైపే కాలుతూ పోతుంది. కాబట్టి వంకరగా కాలే సిగార్‌ని చూసి ఆకుని తిట్టకండి.

ఈ ఆకులో మంచివాటికి పేరు పడ్డ చోటు క్యూబా పడమటి కొస, పినార్ దెల్ రియోలోని వుయెల్తా అబాహో. అందులోనూ సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తీనెస్ చుట్టుపక్కల ఎర్రటి ఇసుక నేలలు. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుపాను ఆ ప్రాంతం మీదుగానే వెళ్ళి, ఆకు ఆరబెట్టే కొట్టాలు వేల సంఖ్యలో కూల్చేసింది. దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగిన నాకు ఆ ఫొటోలు చూసి మనసు పాడైంది. ఇప్పుడు క్యూబా సిగార్లు దొరక్కపోవడానికి, ధరలు పెరగడానికి అదీ ఒక కారణమే. అదే ఏడాది కోహీబా, త్రినిదాద్ ధరల్ని ప్రపంచమంతటా హాంకాంగ్ స్థాయికి పెంచడం ఇంకో కారణం.

మన వర్జీనియా ఆకుకీ ఈ ఆకుకీ అసలు తేడా ఆరబెట్టడంలో ఉంది, మీ తల తిరగడానికి మూలం కూడా అక్కడే ఉంది. మనం బ్యారన్‌లో వేడి పెట్టి వారంలోపే ఆరబెడతాం, ఆకు పసుపుగా ఉండిపోతుంది, చక్కెర అందులోనే ఉంటుంది. ఆ పొగ ఆమ్లగుణంతో ఉంటుంది, నికోటిన్ ఒంటికి పట్టాలంటే ఊపిరితిత్తుల్లోకి పీల్చాలి. క్యూబా వాళ్ళు కొట్టంలో గాలికి దాదాపు యాభై రోజులు ఆరనిచ్చి, తర్వాత గుట్టలు వేసి మాగబెడతారు. లంక పొగాకు మాగిన వాసన తెలిసిన గోదావరి జిల్లాల వాళ్ళకు ఆ కమ్మదనం కొత్త కాదు. ఆ మాగుడులో చక్కెర పోతుంది, అమ్మోనియా బయటికి వెళ్తుంది, పొగ క్షారగుణం వైపు మళ్ళుతుంది. అలాంటి పొగలోని నికోటిన్ నోటి లోపలి చర్మం నుంచే ఒంట్లోకి వెళ్తుంది. అందుకే సిగార్ పొగని మింగకూడదు, పీల్చకూడదు. సిగరెట్ అలవాటున్నవాళ్ళు తెలియకుండానే పీలుస్తారు. మీరూ అదే చేసి ఉంటారు.

కాల్చే ముందు కడుపు ఖాళీగా ఉండకూడదు, అలాగని ఆవకాయ అన్నం తిన్న వెంటనే కూడా వద్దు. భోజనం చేసి గంట ఆగండి. వక్కపొడి, కిళ్ళీ, పుదీనా బిళ్ళలు ఆ పూట మానేయండి. పక్కన మామూలు మంచినీళ్ళు ఉంటే చాలు. మొదటిసారి రుచి చూసేటప్పుడు విస్కీ వద్దు, అది నాలుకని మొద్దుబారుస్తుంది. నేను చక్కెర లేని బ్లాక్ టీ తాగుతాను.

నోట్లో పెట్టుకునే కొసన ఉండే టోపీ కోసేటప్పుడు కొద్దిగానే కొయ్యండి, గుండ్రం తిరిగి నిటారుగా మారే గీత దాటితే పై ఆకు విచ్చిపోతుంది. కోశాక వెలిగించకుండా నాలుగైదు సార్లు గాలి లాగండి. మంచి పానీయం స్ట్రాలోంచి వచ్చినట్టు చిన్న అడ్డుతో రావాలి. ఈ చల్లటి లాగుడులో నాకు ఎండుగడ్డి, కొత్త చెక్క, ఒక్కోసారి ఎండుద్రాక్ష తెలుస్తాయి. ఇక్కడే గాలి బిగుసుకుపోతే దాన్ని అంచనాకు లెక్కపెట్టను. వేరేది తీస్తాను. క్యూబా సిగార్లకు బిగుసుకునే జబ్బు పాతదే. 2000 తర్వాతి ఏళ్ళలో ఫ్యాక్టరీల్లో లాగుడు కొలిచే యంత్రాలు పెట్టి, పై ఆకు చుట్టకముందే పరీక్షిస్తున్నారు. పరిస్థితి మెరుగైంది కానీ పూర్తిగా పోలేదు. ఈ ధరలో అలా రావడం నాకు నచ్చదు, ఆ మాట కంపెనీ మొహం మీదే చెబుతాను.

వెలిగించడానికి పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి వద్దు, వాటి వాసన ఆకు పట్టేస్తుంది. గ్యాస్ టార్చ్ కానీ పొడవాటి అగ్గిపుల్ల కానీ వాడండి. మంట తగలకుండా, సెగ మాత్రం తగిలేలా కొసని తిప్పుతూ అంచు చుట్టూ నల్లబడనివ్వండి. ఆ తర్వాతే నోట్లో పెట్టి లాగండి. ఈ అర నిమిషం ఓపిక లేక మొదటి భాగమంతా పాడుచేసుకునేవాళ్ళని రోజూ చూసేవాణ్ణి.

తర్వాత చెయ్యాల్సింది నెమ్మదించడం. నిమిషానికి ఒక్క దమ్ము. అది రెండు సెకన్లు నోట్లో ఉంచి వదలండి. రొబుస్తోకి యాభై నిమిషాల నుంచి గంట పట్టాలి. మీరు రెండూ ఎంతసేపట్లో ముగించారో రాయలేదు. అరగంటైతే చేదు ఎందుకొచ్చిందో అదే చెబుతుంది. సిగార్ చేత్తో పట్టుకున్న చోట వెచ్చగా అనిపిస్తే దింపి రెండు నిమిషాలు వదిలేయండి. ఆరిపోతే ఏం కాదు, బూడిద దులిపి, లోపలి పాత పొగ బయటికి పోయేలా ఒకసారి మెల్లగా ఊది, మళ్ళీ వెలిగించండి.

రుచులు ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే మీరు నాలుక మీద వెతుకుతున్నారు. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, కమ్మదనం వరకే. తోలు, చెక్క, కోకో అన్నీ ముక్కు పని. జలుబు చేసినప్పుడు బిర్యానీ కూడా చప్పగా ఉండటం ఇందుకే. పొగని నోట్లోంచి ముప్పాతిక వదిలేసి, మిగిలిన కొంచెం పొగని నోరు మూసుకుని ముక్కులోంచి మెల్లగా బయటికి పంపండి. గొంతులోకి దిగకూడదు. మొదట్లో మంటగా ఉంటుంది, అయిదారు దమ్ములకు ఒకసారి మాత్రమే చెయ్యండి. మొదటిసారి సరిగ్గా కుదిరినరోజు మీకు మీరే ఆశ్చర్యపోతారు. అప్పటిదాకా ఉత్త పొగగా ఉన్నది ఒక్కసారిగా పొరలు పొరలుగా విడిపోతుంది. నాకు అలా మొదట తెలిసింది మిరియం, దాని వెనకే పాత బీరువా తలుపు తెరిచిన వాసన.

పేర్ల దగ్గర ఒక సలహా. విదేశీ రివ్యూల మాటలు అరువు తెచ్చుకోకండి. మీ ముక్కుకు తెలిసినవి వాడండి. తోలు అంటే మీకు కొత్త చెప్పులషాపా, ఎండలో ఆరిన డప్పా? తీపి అంటే తేనా, తాటిబెల్లమా, వేయించిన వేరుశెనగ గుండ్ల చివరి తీపా? మట్టి అంటే తొలకరి వాసనా, గాదె కింద చల్లటి మట్టా? ఫిల్టర్ కాఫీ గసిని, శొంఠిని, చింతచెక్క పొట్టుని, పశువుల కొట్టంలో ఎండుగడ్డిని మనం పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్నాం. ఆ జ్ఞాపకాలు చాలు. నా నోటుబుక్కులో పార్తాగాస్ దగ్గర ఎక్కువసార్లు కనిపించే మాటలు శొంఠి, తడిమట్టి, కాఫీ గసి, కొత్త తోలు. మీకు అవే రావాలని లేదు. మీకు ప్రతిసారీ అదే చోట అదే జ్ఞాపకం వస్తే, అది నిజమైన రుచి. ఒక్కసారి వచ్చి మళ్ళీ రాకపోతే ఆ పూట గాలిదో, భోజనానిదో అయి ఉంటుంది.

సిగార్‌ని మూడు భాగాలుగా చూడటం అలవాటు. ఫ్రెంచిలో ఒక మాట ఉంది, ఫ్వాఁ, దివాఁ, ప్యురాఁ అని. మొదటి భాగం ఎండుగడ్డి, రెండోది దివ్యం, మూడోది పేడ. మొరటుగా ఉన్నా నిజమే. మొదటి భాగంలో ఆకు ఇంకా వేడెక్కలేదు, పొగ పలుచన. మధ్యలో మూడు ఆకులూ సమంగా మండుతాయి. చివరికి వచ్చేసరికి ముందు పొగ వదిలిన తారు, నికోటిన్, తేమ అన్నీ మిగిలిన ముక్కలో పేరుకుంటాయి, ఎంత గొప్ప సిగారైనా ఘాటెక్కుతుంది. నేను తీర్పు ఇచ్చేది నడిమి భాగం మీద. మొదటి భాగం నుంచి నడిమి భాగానికి వచ్చేసరికి ఏమైనా మారిందా? ఒకటి వెనక్కి వెళ్ళి ఇంకొకటి ముందుకు వచ్చిందా? మొదటి దమ్ము నుంచి చివరిదాకా ఒకే గీతలా ఉంటే అది చెడ్డ సిగార్ కాదు, కానీ ఈ ధర పెట్టదగ్గదీ కాదు. చివరి భాగం చేదెక్కగానే వదిలేయండి. వేళ్ళు కాలేదాకా కాల్చడం గొప్ప కాదు.

చాలామంది కలిపేసే రెండు విషయాలు ఇక్కడ విడదీయాలి. ఘాటు వేరు, రుచి వేరు. ఘాటంటే నికోటిన్, అది కడుపులో, తలలో తెలుస్తుంది. రుచి నోట్లో, ముక్కులో తెలుస్తుంది. గుంటూరు మిరపకాయలు గుప్పెడు వేసినంత మాత్రాన పచ్చడి రుచిగా ఉన్నట్టు కాదు కదా. పార్తాగాస్ ఇల్లే ఘాటుకి పేరుపడ్డది. 1845 నుంచి ఉన్న బ్రాండ్ అది, బోలీవర్‌తో పాటు క్యూబాలో ఘాటైన వరసలో ఉంటుంది. సిగార్లు పెద్దగా అలవాటు లేనివాళ్ళకు డి నంబర్ 4 మొదటి మెట్టు కాదు. బావగారు మంచిదే తెచ్చారు, కాకపోతే మీరు రెండు మెట్లు దాటి ఎక్కారు. వీలైతే ఓయో దె మొంతెర్రే ఎపికూర్ నంబర్ 2 ఒకటి తెప్పించుకోండి. అదీ రొబుస్తోనే, సరిగ్గా 124 మిల్లీమీటర్లు, 50 రింగ్. ఆకుల పాళ్ళు మాత్రం వేరు, చాలా మెత్తన. ఒకే కొలతలో రెండు ఇళ్ళ కూర్పుల్ని వారం తేడాతో కాలిస్తే, లిహెరో ఎక్కువ తక్కువలు ఏం చేస్తాయో పుస్తకాలు చదవక్కర్లేకుండా తెలుస్తుంది. తక్కువ సమయం ఉన్నరోజుకి మోంతెక్రిస్తో నంబర్ 4 ఉంది, 42 రింగ్, 129 మిల్లీమీటర్లు. దాని కాఫీ రుచి చాలామందికి ముందుగా దొరుకుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. 2020 సెప్టెంబరు నుంచి ప్రయాణంలో కూడా క్యూబా సిగార్లు అక్కడికి తెచ్చుకోవడానికి వీల్లేదు. అక్కడి షాపుల్లో కోహీబా పేరుతో అమ్మేది వేరే కంపెనీ వేరే దేశాల ఆకుతో చేసేది, దాన్ని కాల్చి క్యూబా కోహీబా గురించి రాయకండి.

మార్కుల సంగతి. వందకి 91, 93 అని వేసే పద్ధతి నాకు పడదు. అందులో లాగుడు చెడి పోయిన మార్కులెన్నో, ఆకు చెడి పోయినవెన్నో తెలియదు. క్యూబా ఫ్యాక్టరీల్లో రుచి చూసేవాళ్ళకు బ్యాండ్ (బ్రాండ్ పేరున్న కాగితం పట్టీ) లేని సిగార్లు ఇచ్చి, లాగుడు, మంట, ఘాటు, సువాసన, రుచి విడివిడిగా రాయిస్తారు. మీరూ అలాగే చెయ్యండి. బ్యాండ్ మీద కాగితం చుట్టి ఇమ్మని ఇంట్లోవాళ్ళని అడగండి, ఎర్ర బ్యాండ్ చూడగానే మనసు ముందే తీర్పు చెప్పేస్తుంది. ఒక పేజీలో ముందు లాగుడు, మంట రాయండి, అవి చుట్టినవారి లెక్క. తర్వాత ఒక్కో భాగానికి రెండు వాక్యాలు సువాసన, రుచి మీద, అది ఆకు లెక్క. అమ్మోనియా, అంటే పశువుల కొట్టం మూత్రం వాసన ముక్కుకు తగిలితే ఆకు ఇంకా పచ్చిగా ఉంది, పెట్టె మీద రాసుకున్న నెల చూడండి, ఏడాదిలోపుదైతే ఆశ్చర్యం లేదు. అది లోపం కాదు, వయసు. బూడిద గురించి ఎక్కువ మాట్లాడతారు కానీ అంగుళం నిలబడిందంటే లోపల పొడవాటి ఆకులున్నాయని మాత్రమే అర్థం, రుచికి సాక్ష్యం కాదు. చివరగా ఒకే ప్రశ్న రాసుకోండి. రేపు ఇదే సిగార్ ఇస్తే మళ్ళీ కాలుస్తానా?

ఆరోగ్యం మాట దాటవెయ్యను. సిగార్ పొగ పీల్చకపోయినా నోటి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ప్రమాదం ఉంది. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో ఒక సిగరెట్ ప్యాకెట్‌కి సరిపడా పొగాకు ఉండొచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డచుట్ట (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) కాల్చిన మన పెద్దమ్మల అంగిళ్ళకు ఏమైందో డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. నేను నెలకు రెండు దాటను, ఆ రెండిటికీ సగం రోజు కేటాయిస్తాను. కాల్చే అలవాటు లేనివాళ్ళు ఇది చదివి మొదలుపెట్టక్కర్లేదు. మళ్ళీ తల తిరిగితే వెంటనే ఆపి, కూర్చుని, చక్కెర వేసిన నీళ్ళో, ఒక బెల్లం ముక్కో తీసుకోండి.

మీ దగ్గర ఇంకా ఎనిమిది ఉన్నాయి. మూడు వారాలయ్యాక ఒకటి. దాని పేజీ పక్కన పెట్టి, పది రోజులకు ఇంకొకటి, మొదటి పేజీ చూడకుండా. రెండు పేజీల్లోనూ నడిమి భాగంలో ఒకే మాట కనిపిస్తే మీ నాలుక బాగా పనిచేస్తున్నట్టే. రెండూ బిగుసుకుంటే పెట్టెలోనే తేడా ఉంది. ఒకటి బిగుసుకుని ఒకటి హాయిగా వస్తే అది చుట్టిన చెయ్యి. మిగిలిన ఆరింటినీ అదే డబ్బాలో వదిలేసి, వచ్చే సంక్రాంతికి ఒకటి తియ్యండి. రెండు పేజీలూ, పెట్టె అడుగున ఉన్న నెలా సంవత్సరం ఇక్కడ పెడితే, నా నోటుబుక్కులో అదే కాలపు పెట్టె ఉందేమో చూసి సరిపోల్చి చెబుతాను.